ఒక్క వ్యాసమూ పంచలేదు

ఆరన్ స్వార్ట్జ్‌ను పడగొట్టిన చట్టం అతనికంటే మూడు వారాలు పెద్దది. కంప్యూటర్ మోసాలను అరికట్టడానికి అమెరికా చేసిన ఆ చట్టం మీద అధ్యక్షుడు రీగన్ 1986 అక్టోబరు 16న సంతకం పెట్టాడు. ఆరన్ అదే ఏడాది నవంబరు 8న షికాగో ప్రాంతంలో పుట్టాడు. ఇంటింటికీ కంప్యూటర్ ఇంకా రాని రోజులవి. ఎవరో తుంటరి కుర్రాడు టెలిఫోన్ తీగ పట్టుకుని సైన్యం కంప్యూటర్లోకి దూరి, ప్రపంచ యుద్ధం తెచ్చిపెడతాడేమోనని పెద్దలు బెంగపెట్టుకున్న కాలం. 1983లో వచ్చిన ‘వార్‌గేమ్స్’ సినిమా కథ అదే. చట్టసభ నివేదికలోకి కూడా ఆ సినిమా ప్రస్తావన ఎక్కింది. ఆ భయంలోంచి పుట్టిన చట్టం పాతికేళ్ళ తర్వాత నిజంగానే ఒక కుర్రాణ్ణి పట్టుకుంది. కాకపోతే అతను దూరింది సైన్యం కంప్యూటర్లోకి కాదు, పాత పత్రికల బీరువాలోకి.

అతని కథ ఇప్పుడు చాలామంది నోట ఒక్క ముక్కగా మిగిలింది. పరిశోధన వ్యాసాలు దొంగిలించి ఇంటర్నెట్‌లో పంచిపెట్టాడని, కాపీరైట్ కేసులో ఇరుక్కున్నాడని, ఇరవై ఆరేళ్ళకే ప్రాణం తీసుకున్నాడని. ఇందులో చివరి మాట ఒక్కటే పూర్తిగా నిజం. ఆరన్ ఒక్క వ్యాసం కూడా పంచలేదు. అతని మీద మోపిన అభియోగాల్లో కాపీరైట్ ఉల్లంఘన లేనే లేదు. ఒక రచనలో ఎంత భాగం, ఎవరు, ఏ పనికి నకలు తీసుకుంటే సబబు అన్న ప్రశ్నను అమెరికాలో ఫెయిర్ యూజ్ అంటారు. రెండేళ్ళు నడిచిన ఆ కేసులో ఆ ప్రశ్న ఏ జడ్జి ముందుకూ రాలేదు. నన్ను తొలిచేది ఇదే. కుర్రాడు పోయాడు, అతను ఎత్తిన ప్రశ్న కోర్టు గుమ్మమైనా ఎక్కలేదు.

ప్రశ్నలు చిన్నప్పటి నుంచీ అతనికి ఎక్కువే. పదమూడేళ్ళకే ఒక వెబ్‌సైటు కట్టాడు. తెలిసినవాళ్ళెవరైనా వచ్చి తమకు తెలిసింది రాసి పెట్టే విజ్ఞాన సర్వస్వం అది. వికీపీడియా ఇంకా పుట్టలేదు. ఆ పనికి టీనేజి పిల్లలకిచ్చే ఒక బహుమతి పోటీలో తుది జాబితాకెక్కి, బోస్టన్ పక్కనున్న ఎంఐటీని మొదటిసారి చూశాడు. పద్నాలుగో ఏట ఆర్ఎస్ఎస్ అనే వార్తల ఫీడు ప్రమాణం రాసే బృందంలో ఉన్నాడు. బృందంలోని మిగతావాళ్ళు నడివయసు ఇంజనీర్లు. ఒకసారి అందరం కలుద్దాం రమ్మంటే, మా అమ్మ పంపదేమో అన్నాడట ఈ సహోద్యోగి.

పదిహేనేళ్ళ వయసులో, 2002 అక్టోబరులో, న్యాయశాస్త్ర ఆచార్యుడు లారెన్స్ లెసిగ్ అతన్ని వాషింగ్టన్‌లో సుప్రీంకోర్టు వాదనలు వినడానికి తీసుకువెళ్ళాడు. రచయిత చనిపోయాక యాభై ఏళ్ళుండే కాపీరైట్ గడువును 1998లో అమెరికా డెబ్బై ఏళ్ళు చేసింది. అది చెల్లదని లెసిగ్ వాదన. తర్వాతి జనవరిలో తీర్పు వచ్చింది: ఏడుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు. లెసిగ్ ఓడిపోయాడు. (మన దగ్గరా ఇలాంటి పొడిగింపు జరిగింది. రవీంద్రనాథ్ టాగూరు రచనల గడువు తీరిపోతున్న వేళ హడావుడిగా యాభైని అరవై చేశారు. కవికి జోహారు అనుకోవాలో, ప్రచురణ హక్కులకు జోహారు అనుకోవాలో.) కోర్టులో ఓడినవాళ్ళు వేరే దారి పట్టారు. రచయితలే ఇష్టపడి, నా రచనను ఈ షరతుల మీద వాడుకోండని ముందుగానే చెప్పే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు 2002 డిసెంబరులో వచ్చాయి. వాటి సాంకేతిక చట్రం పనిలో ఆరన్ చెయ్యి ఉంది. ఇవాళ తెలుగు వికీపీడియాలో ప్రతి పేజీ అడుగునా కనిపించే లైసెన్సు ఆ కుటుంబానిదే.

స్టాన్‌ఫర్డ్‌లో చేరి ఏడాదికే వదిలేయడం, రెడిట్ కంపెనీలో భాగస్వామి కావడం, 2006లో అది అమ్ముడుపోతే చేతికి డబ్బు రావడం, కొన్నాళ్ళకే ఉద్యోగం ఊడడం, ఇవన్నీ సిలికాన్ వ్యాలీలో రోజూ వినే కథలే. డబ్బు వచ్చినవాడు మరో కంపెనీ పెడతాడు. ఇతను గ్రంథాలయం కట్టే పనికి వెళ్ళాడు. ప్రపంచంలో అచ్చయిన ప్రతి పుస్తకానికీ ఒక వెబ్ పేజీ ఉండాలన్న ఓపెన్ లైబ్రరీ పనిలో మొదట కూర్చున్నవాళ్ళలో ఆరన్ ఒకడు.

అతని పతనానికి బీజం ఒక గెలుపులో పడిందని నా అనుమానం. అమెరికా ఫెడరల్ కోర్టుల కాగితాలన్నీ పేసర్ అనే వ్యవస్థలో ఉంటాయి. అవి ప్రభుత్వ పత్రాలు, వాటికి కాపీరైట్ ఉండదు. అయినా చూసినందుకు అప్పట్లో పేజీకి ఎనిమిది సెంట్లు కట్టాలి. 2008లో పదిహేడు గ్రంథాలయాల్లో వాటిని ఉచితంగా చూడనిచ్చే ప్రయోగం నడిచింది. కార్ల్ మాలముడ్ అనే ప్రజా పత్రాల ఉద్యమకారుడు, వీలైనన్ని దింపి నాకివ్వండి, అందరికీ తెరిచి పెడతానన్నాడు. ఆరన్ ఒక ప్రోగ్రాం రాసి, కాలిఫోర్నియాలోని శాక్రమెంటో లైబ్రరీ ఖాతా మీదుగా దాదాపు రెండు కోట్ల పేజీలు లాగేశాడు. ప్రభుత్వం ఉలిక్కిపడి ఆ ప్రయోగాన్నే ఆపేసింది. ఎఫ్‌బీఐ వాళ్ళు ఇల్లినాయిలో అతని తల్లిదండ్రుల ఇంటి మీద కన్నేశారు. చివరికి 2009 ఏప్రిల్‌లో నేరమేమీ లేదని ఫైలు మూసేశారు. ఆరన్ మన సమాచార హక్కు లాంటి చట్టం కింద దరఖాస్తు పెట్టి, తన మీద ఎఫ్‌బీఐ రాసుకున్న ఫైలును తానే తెప్పించుకుని, చదివి నవ్వుకుని, జనానికీ చూపించాడు.

ఆ నవ్వే కొంప ముంచిందేమో. కాగితాలకు కాపీరైట్ లేదు కాబట్టి అక్కడ గండం గడిచింది. పట్టుకోవాలనుకుంటే కాగితాల సంగతి చూడకుండా, అందుకు వాడిన తలుపు సంగతి చూసి కూడా పట్టుకోవచ్చని ఆ ఫైలు అతనికి నేర్పలేదు.

మాలముడ్ పేరు మనకు పరాయిది అనుకోనక్కరలేదు. భారత ప్రభుత్వపు డిజిటల్ లైబ్రరీ కోసం స్కాన్ చేసిన పుస్తకాలను లక్షల సంఖ్యలో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించింది ఆయన సంస్థే. పాత తెలుగు పుస్తకం కోసం వెతికి, అంచులు నల్లబడిన స్కాను ప్రతిని ఆర్కైవ్‌లోంచి దింపుకున్న ప్రతి తెలుగు పాఠకుడూ ఆ పని ఫలం తిన్నవాడే.

2008 వేసవిలో ఇటలీలో ఉండగా ఆరన్ పేరుతో ఒక ప్రకటన బయటికొచ్చింది. పెద్ద విశ్వవిద్యాలయాల లోపలున్న విద్యార్థులు, లైబ్రేరియన్లు, శాస్త్రవేత్తలకు లోకంలో మిగతావాళ్ళకు లేని విద్య అందుతోందని, దాన్ని తమ దగ్గరే దాచుకునే హక్కు వాళ్ళకు లేదని, నకళ్ళు తీసి బయటివాళ్ళకు చేర్చాలని దాని సారం. రెండు పేజీలైనా లేదు. ఇరవై ఒక్కేళ్ళ వయసులో ఆవేశంగా రాసుకున్న కాగితాలు మనలో చాలామందికి ఉంటాయి. ఇతని కాగితాన్ని మాత్రం ప్రాసిక్యూటర్లు దాచిపెట్టుకున్నారు.

ఆ ఆవేశం వెనక లెక్క ఏమిటో చెప్పాలి. పరిశోధన పత్రికలో వ్యాసం రాసిన ఆచార్యుడికి పత్రిక పైసా ఇవ్వదు. వ్యాసం బాగుందో లేదో పరిశీలించే తోటి ఆచార్యులకూ ఇవ్వదు. వాళ్ళ జీతాలిచ్చేది విశ్వవిద్యాలయం, పరిశోధన ఖర్చు పెట్టేది చాలావరకు ప్రభుత్వం. రాసినవాళ్ళు కాపీరైట్‌ను ప్రచురణ సంస్థకు రాసిచ్చేస్తారు. ఆ సంస్థ అదే విశ్వవిద్యాలయానికి ఆ పత్రికను చందా కట్టించుకుని అమ్ముతుంది. విశ్వవిద్యాలయం బయట ఉన్నవాడికి ఒక్క వ్యాసం చదవాలంటే ఇరవై, ముప్పై డాలర్లు. నవలా రచయిత కాపీరైట్ కోసం కొట్లాడితే అతని కూడు అందులో ఉంది. ఇక్కడ రాసినవాడి కోరిక ఒక్కటే, నలుగురూ చదవాలని. తాళం వేసింది అతను కాదు.

అలాగని ఆరన్ చెయ్యి పెట్టిన జేస్టోర్ ఆ లాభాల కంపెనీల్లో ఒకటి కాదు. కాలేజీ గ్రంథాలయాల్లో పాత పత్రికల బైండ్లకు అలమరలు చాలక, వాటిని స్కాన్ చేసి ఒకచోట పెడదామని మెలన్ ఫౌండేషన్ అధ్యక్షుడు విలియం బోవెన్ తలపెట్టిన లాభాపేక్ష లేని సంస్థ అది. 1995 నుంచి నడుస్తోంది. ప్రచురణకర్తలతో ఒప్పందాలు, వాళ్ళకు చెల్లింపులు దాని మెడకున్నాయి. చరిత్ర, సాహిత్యం చదువుకునేవాళ్ళు దాన్ని తిట్టుకోవడం కంటే దణ్ణం పెట్టుకోవడమే ఎక్కువ. ఆరన్ ఏరికోరి దాని మీదికే ఎందుకు వెళ్ళాడో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

2010 సెప్టెంబరు. ఆరన్ అప్పటికి హార్వర్డ్‌లో నైతిక విలువల అధ్యయన కేంద్రంలో ఫెలో. హార్వర్డ్ ఖాతాతో జేస్టోర్ చదువుకునే హక్కు అతనికి ఉంది. అయినా నది వెంబడి కొద్ది దూరంలో ఉన్న ఎంఐటీకి వెళ్ళాడు. ఎంఐటీ ఆవరణకు గేట్లుండవు. అప్పట్లో దారినపోయేవాడు కూడా అతిథిగా పేరు రాసుకుని ఏడాదికి పద్నాలుగు రోజులు వాళ్ళ నెట్‌వర్కు వాడుకోగలిగేవాడు, జేస్టోర్ కూడా చూడగలిగేవాడు. కొత్తగా కొన్న ఏసర్ ల్యాప్‌టాప్‌కు అతను రాసిచ్చిన పేరు గ్యారీ హోస్ట్. మొదటి అక్షరం తెచ్చి ఇంటిపేరుకు తగిలిస్తే ‘ఘోస్ట్’, దయ్యం. దొంగతనానికి వచ్చినవాడి వేళాకోళం కాదిది, కుర్రవేషం.

చిన్న పైథాన్ ప్రోగ్రాం ఒకటి వ్యాసం వెంట వ్యాసం అడుగుతూ పోయింది. జేస్టోర్ సర్వర్లు రొప్పాయి. వాళ్ళు ఆ చిరునామాను ఆపితే ఇతను చిరునామా మార్చాడు. అదీ ఆపితే ల్యాప్‌టాప్ గుర్తింపునే మార్చాడు. విసిగిపోయిన జేస్టోర్ అక్టోబరులో కొన్ని రోజులు ఎంఐటీ మొత్తానికే తలుపు మూసేసింది. ఆ రోజుల్లో అక్కడి విద్యార్థులకూ పరిశోధకులకూ వ్యాసాలు అందలేదు. ఈ సంగతిని అతని అభిమానులు తేలిగ్గా దాటేస్తారు. చదువును అందరికీ తెరవాలన్నవాడి పని వల్ల కొందరికి అది మూతపడింది, రోజుల తరబడి.

ఆ తర్వాత వైర్‌లెస్ వదిలి తీగ పట్టుకున్నాడు. పదహారో నంబరు భవనం నేలమాళిగలో నెట్‌వర్కు తీగలన్నీ కలిసే చిన్న గది ఉంది. అందులో నేల మీద ఒక అట్టపెట్టె. దాని కింద ల్యాప్‌టాప్, పక్కన హార్డ్ డిస్కు, అక్కడి నుంచి నేరుగా స్విచ్‌లోకి తీగ. ఆ గదికి తాళం లేదని, ఇల్లూవాకిలీ లేని ఒకాయన తన సామాన్లు కూడా అందులోనే దాచుకునేవాడని ఆరన్ తరఫున సాక్ష్యం చెప్పవలసిన కంప్యూటర్ భద్రతా నిపుణుడు అలెక్స్ స్టామోస్ తర్వాత రాశాడు. ఆ సామాన్లవాడి మీద కేసు పెట్టాలని ఎవరికీ తోచలేదు.

2011 జనవరి 4న ఎంఐటీ సిబ్బంది ఆ పెట్టెను ఎత్తి చూశారు. ల్యాప్‌టాప్‌ను కదపకుండా గదిలో కెమెరా పెట్టారు. దేశాధ్యక్షుడికి కాపలా కాసే సీక్రెట్ సర్వీసుకు కంప్యూటర్ నేరాల దర్యాప్తు కూడా ఉంది, వాళ్ళూ దిగారు. కెమెరాకు చిక్కిన బొమ్మల్లో ఒకటి లోకమంతా తిరిగింది. సన్నటి కుర్రాడు, వీపున సంచి, చేతిలో తెల్లటి సైకిల్ హెల్మెట్. దాన్ని తలకు పెట్టుకోకుండా ముఖానికి అడ్డం పట్టుకుని, గాలి రంధ్రాల్లోంచి చూసుకుంటూ తలుపు దగ్గరికి వస్తున్నాడు. తప్పు లేదనుకున్నవాడు ముఖమెందుకు దాచుకుంటాడని ప్రాసిక్యూషన్ అడగదలుచుకుంది. జవాబు కష్టమే. ఆ బొమ్మ చూస్తే నాకు మాత్రం ముందు అతని అనుభవలేమి కనిపిస్తుంది. ఆరితేరిన దొంగ ఎవడూ అలా నడవడు.

జనవరి 6 మధ్యాహ్నం సైకిల్ మీద వెళ్తుంటే పోలీసులు గుర్తుపట్టి వెంటపడ్డారు. సైకిల్ వదిలి పరుగెత్తాడు. హార్వర్డ్‌కు దగ్గర్లోనే దొరికాడు. అప్పటికి అతను దింపుకున్న వ్యాసాలు దాదాపు 48 లక్షలు, జేస్టోర్ భాండారంలో ఐదింట నాలుగు వంతులు.

వాటితో ఏం చేద్దామనుకున్నాడు? ఎవరికీ తెలియదు. ప్రాసిక్యూటర్లు 2008 నాటి ప్రకటన చూపించి, పంచిపెట్టడానికేనన్నారు. అదే ఏడాది అతను చేసిన ఇంకో పని ఉంది. 4,41,170 న్యాయశాస్త్ర వ్యాసాలను దింపి, ఏ ఆచార్యుడి పరిశోధనకు ఏ కంపెనీ డబ్బు పెట్టిందో కంప్యూటర్ చేత వెతికించే అధ్యయనానికి సాయపడ్డాడు. అది స్టాన్‌ఫర్డ్ న్యాయ పత్రికలో వచ్చింది కూడా. ఈ 48 లక్షలూ అలాంటి వెతుకులాటకే కావచ్చు. కాకపోనూ వచ్చు.

ఫెయిర్ యూజ్ దృష్టిలో ఈ తేడా చిన్నది కాదు. అమెరికా చట్టం 107వ సెక్షన్ నాలుగు సంగతులు తూచమంటుంది: ఎందుకు వాడావు, ఎలాంటి రచన, ఎంత తీసుకున్నావు, దానివల్ల అమ్మకానికి ఎంత దెబ్బ. 1994లో టెక్సకో చమురు కంపెనీ ఈ త్రాసులో ఓడిపోయింది. అక్కడి శాస్త్రవేత్త ఒకాయన పత్రికలోంచి ఎనిమిది వ్యాసాలు జిరాక్స్ తీసి తన ఫైల్లో పెట్టుకున్నందుకే. లైసెన్సు కొనుక్కునే దారి ఉండగా ఊరికే నకలు తీయడం సబబు కాదంది కోర్టు. ఆ లెక్కన 48 లక్షలు పంచిపెట్టడం ఏ త్రాసులోనూ నిలవదు. కానీ పంచకుండా, కంప్యూటర్ చేత చదివించి విశ్లేషించడం వేరు. 2012 అక్టోబరులో, ఆరన్ బతికుండగానే, విశ్వవిద్యాలయాలు పుస్తకాలను మొత్తంగా స్కాన్ చేసి అందులో మాటలు వెతుక్కోవడం ఫెయిర్ యూజేనని న్యూయార్క్ కోర్టు చెప్పింది. గూగుల్ బుక్స్‌కూ 2015లో అదే మాట దక్కింది. 2025 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో జడ్జి, కృత్రిమ మేధకు పుస్తకాలతో శిక్షణ ఇవ్వడం ఫెయిర్ యూజే, దొంగ సైట్ల నుంచి దింపి దాచుకోవడం మాత్రం కాదన్నాడు. ఆ కేసులో ఆంత్రోపిక్ కంపెనీ రచయితలకు 150 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అంతా సివిల్ వ్యవహారం. ఎవరి చేతికీ సంకెళ్ళు పడలేదు.

ఆరన్ విషయంలోనూ వ్యవహారం సివిల్‌గానే తెగిపోవలసింది. 2011 జూన్‌లో అతను హార్డ్ డిస్కులు అప్పగించాడు, వ్యాసాలు ఎక్కడికీ పోలేదని మాటిచ్చాడు. జేస్టోర్ రాజీపడింది, ఇక మాకు కేసు అక్కర్లేదంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదు. బోస్టన్ ఫెడరల్ ప్రాసిక్యూటర్ కార్మెన్ ఆర్టిజ్ జూలైలో నేరారోపణ పత్రం బయటపెట్టింది. కంప్యూటర్ కమాండుతో చేసినా గునపంతో చేసినా దొంగతనం దొంగతనమేనని ప్రకటించింది. నాలుగు అభియోగాలు, గరిష్ఠంగా 35 ఏళ్ళ జైలు, పది లక్షల డాలర్ల జరిమానా. తీగల ద్వారా మోసం, కంప్యూటర్ మోసం, రక్షిత కంప్యూటర్ నుంచి చట్టవిరుద్ధంగా సమాచారం తీసుకోవడం, దానికి నష్టం కలిగించడం. ఎవరు రాసిన వ్యాసం, ఎవరి హక్కు, ఎవరికి నష్టం అన్న గొడవ లేదు. తలుపు సంగతే అంతా.

ఎంఐటీ తటస్థంగా ఉంటానంది. కేసు పెట్టండని ప్రాసిక్యూటర్లను అడగలేదు, వద్దనీ అనలేదు. అడిగిన కాగితాలు ఇచ్చింది. ఆరన్ తండ్రి రాబర్ట్ స్వార్ట్జ్ అదే ఎంఐటీ మీడియా ల్యాబ్‌కు మేధోహక్కుల విషయంలో సలహాదారు. జేస్టోర్ అన్నట్టు ఒక్క మాట మీరూ అనండని అధికారుల గదుల చుట్టూ తిరిగాడు. విద్యార్థులు రాత్రికి రాత్రి గుమ్మటం మీదికి పోలీసు కారు నమూనా ఎక్కిస్తే మురిసిపోయి, దాన్ని తీసి భద్రపరుచుకునే విద్యాలయం అది. పెద్దాయనకు ఆ ఒక్క మాటా దొరకలేదు.

బయట మాత్రం కదలిక వచ్చింది. కేసు వార్త తెలిసిన రెండు రోజుల్లో గ్రెగ్ మాక్స్‌వెల్ అనే ప్రోగ్రామర్, లండన్ రాయల్ సొసైటీ పత్రికలోని 1923కు ముందటి 18,592 వ్యాసాలను టొరెంటులో పెట్టేశాడు. వాటిలో కొన్ని న్యూటన్ కాలానివి, ఏ కాపీరైట్ కిందికీ రానివి, అయినా తాళం కింద ఉన్నవి. సెప్టెంబరులో జేస్టోర్ తనంతట తానే అలాంటి పాత వ్యాసాలు దాదాపు ఐదు లక్షలు ఉచితం చేసింది.

2012 జనవరిలో, ఒక్క ఫిర్యాదు మీద వెబ్‌సైట్లనే మూయించే సోపా బిల్లుకు వ్యతిరేకంగా వికీపీడియా ఒకరోజు తెర నల్లగా చేసుకుంది. బిల్లు మూలపడింది. ఆ పోరాటాన్ని మొదట రాజేసిన గుంపుల్లో ఒకటి ఆరన్ పెట్టిన డిమాండ్ ప్రోగ్రెస్. దేశమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చాడు. అతని ముఖంలో కేసు ఛాయ కనపడేది కాదని విన్నవాళ్ళు అన్నారు. లోపల రెడిట్ సొమ్ము లాయర్లకు కరిగిపోతోంది. అతని మిత్రులను గ్రాండ్ జ్యూరీ ముందుకు ఈడుస్తున్నారు. సెప్టెంబరులో నాలుగు అభియోగాలు పదమూడయ్యాయి, కాగితం మీద శిక్ష 50 ఏళ్ళకు పెరిగింది. ఇంకోవైపు బేరం: పదమూడూ ఒప్పుకో, ఆరు నెలల జైలుతో పోనిస్తాం. యాభై ఏళ్ళ నేరం ఆరు నెలలకు ఎలా దిగుతుందని అడిగే తీరిక ఎవరికీ లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడం, గొడ్డలి చూపించి గోటికి ఒప్పించడం, ఆ దేశపు ఫెడరల్ కోర్టుల్లో రోజూ జరిగేదే. ఒప్పుకుంటే జీవితాంతం నేరస్థుడన్న ముద్ర. రాజకీయాల్లోకి రావాలన్న కోరికున్నవాడికి ఆ ముద్ర జైలుకంటే బరువు. కాదన్నాడు. 2013 ఏప్రిల్ 1కి విచారణ పడింది.

2013 జనవరి 9న జేస్టోర్ ఒక ప్రకటన చేసింది. ఏ విశ్వవిద్యాలయంలోనూ లేనివాళ్ళు కూడా పేరు నమోదు చేసుకుంటే 1,200 పత్రికల్లోంచి రెండు వారాలకు మూడు వ్యాసాలు ఉచితంగా చదువుకోవచ్చునని. జనవరి 11న, బ్రూక్లిన్‌లోని తన ఫ్లాట్‌లో ఆరన్ ప్రాణం తీసుకున్నాడు.

అతనికి కుంగుబాటు ఉండేది, ఆ సంగతి ఏళ్ళ కిందటే తానే రాశాడు. ఒక మనిషి ఎందుకు చనిపోయాడో ఒక్క కారణం తేల్చి చెప్పడం బతికున్నవాళ్ళ అహంకారం. తండ్రి మాత్రం అంత్యక్రియల్లో, నా కొడుకును ప్రభుత్వమే చంపిందన్నాడు. ఆ రోజు ఆయన్ని ఎవరు కాదనగలరు. అంతకు ముందురోజే, జనవరి 14న, ముద్దాయి లేడు కాబట్టి కేసు కొట్టేశారు. ఫెయిర్ యూజ్ సంగతి ఆ కొట్టివేతతో పాటే పోయింది. ఆ వారంలో దేశదేశాల ఆచార్యులు తాము రాసిన వ్యాసాల పీడీఎఫ్‌లను నివాళిగా ఇంటర్నెట్‌లో పెట్టారు. వాటిలో ఎన్నింటి హక్కులు వాళ్ళ చేతుల్లో లేవో వాళ్ళకే తెలుసు. ఎవరి మీదా కేసు పడలేదు.

ఆ తర్వాతివన్నీ ఆలస్యంగా వచ్చిన మంచి మాటలు. ఫిబ్రవరిలో, ప్రజాధనంతో చేసిన పరిశోధన ఏడాదిలోగా ప్రజలకు అందాలని వైట్‌హౌస్ చెప్పింది. జూలైలో ఎంఐటీ తన ఆచార్యుడు హాల్ ఏబెల్సన్ చేత నివేదిక రాయించుకుంది. తప్పు చేయలేదని తేల్చుకుంటూనే, ఇంకా బాగా నడుచుకోవలసిందా అని తనను తాను ప్రశ్నించుకుంది. ఆరన్ పేరు మీద 1986 నాటి ఆ చట్టాన్ని సవరించే బిల్లు పుట్టి, కమిటీలోనే చచ్చిపోయింది. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు, సమాచారం చూసే అనుమతి ఉన్నవాడు దాన్ని వేరే పనికి వాడుకున్నంత మాత్రాన ఈ చట్టం కిందికి రాడని గీత గీసింది. కరోనా కాలంలో జేస్టోర్ ఉచిత వ్యాసాలను నెలకు వందకు పెంచింది. ఆ లెక్కన ఆరన్ మూడు నెలల్లో దింపినవి చదవాలంటే నాలుగు వేల ఏళ్ళు పడుతుంది.

ఏ పనికి నకలు తీస్తే సబబన్న ఆ ప్రశ్న మన దగ్గర ఒకసారి కోర్టుకు వెళ్ళింది, జవాబు కూడా వచ్చింది. ఆరన్ మీద అభియోగాలు పెరగడానికి నెల ముందు, 2012 ఆగస్టులో, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని రామేశ్వరి జిరాక్స్ షాపు మీద దావా వేశాయి. పాఠాలకు కావలసిన పుస్తక భాగాలను కట్టలు కట్టి విద్యార్థులకు అమ్మడమే ఆ షాపు తప్పు. 2016 సెప్టెంబరులో జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా ఆ దావా కొట్టేశారు. కాపీరైట్ దైవదత్తమైన హక్కేమీ కాదన్నారు. అక్కడ నకలు ఎందుకు తీశారు, ఎవరి చదువుకు అన్నదాని మీదే వాదన నడిచింది.

ఇంటర్నెట్‌లో వ్యాసాలు ఉచితంగా ఇచ్చే సైహబ్ మీద 2020 డిసెంబరులో ప్రచురణ సంస్థలు వేసిన దావాలో అలా జరగలేదు. పరిశోధన కోసం మన కాపీరైట్ చట్టం సెక్షన్ 52 కింద ఇది సబబేనా అన్న అసలు సంగతి తేలకముందే, కొత్త వ్యాసాలు ఎక్కించనని కోర్టుకిచ్చిన మాట తప్పారన్న కారణం మీద 2025 ఆగస్టులో ఆ సైటును దేశంలో మూయించారు. ఇక్కడా తలుపు దగ్గరే తెగింది. దానికి ముందే కేంద్రం ‘ఒకే దేశం ఒకే చందా’ పథకం తెచ్చింది. మూడేళ్ళకు ఆరు వేల కోట్ల రూపాయలు, ముప్పై ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 పత్రికలు, 6,300 ప్రభుత్వ సంస్థల్లో చదివేవాళ్ళకు. ప్రైవేటు కాలేజీ లెక్చరర్ అందులో లేడు. రిటైరై ఇంట్లో కూర్చుని శాసనాల మీదో, జానపద గేయాల మీదో పని చేసుకునే మాస్టారూ లేరు. మాస్టారు వాట్సాప్‌లో పాత శిష్యుడికి లింకు పెడతారు, ‘బాబూ, ఇది నాకు తెరుచుకోవట్లేదు, మీ యూనివర్సిటీలో వస్తుందేమో చూడు’ అని. ‘ఇప్పుడే పంపుతా సార్’ అంటాడు అతను.